ఒప్పందం చించిన చేతుల సంగతేంది?

'అతివాదులు ఇటువైపూ ఉన్నరు, అటువైపూ ఉన్నరు. ఈ ఇద్దరి నడుమ దేశం నలిగిపోతున్నది.'

ఈ మాట మీరు ఎన్నిసార్లు విన్నరో ఒకసారి లెక్కపెట్టుకోండి. టీవీ చర్చల్లో వింటున్నం. పెద్ద పత్రికల సంపాదకీయాల్లో చదువుతున్నం. రిటైరైన పెద్ద సార్లు సెమినార్లల్లో చెప్తరు. చెప్పినాయన ముఖంలో ఒక తృప్తి కనిపిస్తది. తాను ఈ కొసన లేడు, ఆ కొసన లేడు. నడుమ ఉన్నడు. నడుమ ఉన్నడు కాబట్టి మంచోడు. తీర్పు అయిపోయింది, చప్పట్లు కొట్టుడే తరువాయి.

ఈ మాట శుద్ధ అబద్ధమైతే కొట్టిపారేసి పోవచ్చు. కానీ ఇందులో సగం నిజమున్నది. రెండు కొసల్లో నిలబడ్డ మూకలు దేశాలకు దేశాలనే బూడిద చేసిన చరిత్ర ఉన్నది. మరి ఆ కొసలు ఎట్ల మొలిచినయి? విత్తనం వేసిందెవరు, నీళ్లు పోసిందెవరు? ఆ మిగిలిన సగం మాత్రం ఈ పెద్దమనుషులు చెప్పరు. చెప్తే వేలు తమవైపే తిరుగుతది.

ఈ లెక్క తేల్చడానికి దూరం పోనక్కర్లేదు. రామేశ్వరం దాటితే వచ్చేది శ్రీలంక. ఎక్కడ ఏ ఉద్యమం లేచినా 'ఇంకో ఈలం చేస్తరా?' అని బెదిరించేటోళ్లకు అదే ఉదాహరణ. తుపాకీ ఒక్కటే దారి అని నమ్మే కుర్రకారుకు కూడా అదే ఉదాహరణ. ఇద్దరూ ఆ దేశం పేరు చెప్తరు. ఇద్దరూ ఆ కథను సగం నుంచి మొదలుపెడ్తరు. 1983 నుంచి చూస్తే కనిపించేవి తుపాకులే. మనం 1948 నుంచి చూద్దాం.

తుపాకీ కంటే ముందు కాగితం ఉండె

1948 ఫిబ్రవరి 4న సిలోన్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. ఆనాడు అక్కడ తుపాకీ పట్టిన తమిళుడు ఒక్కడు లేడు. అదే ఏడాది పౌరసత్వ చట్టం తెచ్చి, తేయాకు తోటల్లో తరతరాలుగా రెక్కలు ముక్కలు చేసుకున్న భారత సంతతి తమిళ కూలీలను, ఏడు లక్షల మందికి పైగా, ఏ దేశానికీ చెందకుండ చేసిన్రు. ఆ చట్టం తెచ్చింది ఏ అతివాద పార్టీ? డి.ఎస్. సేనానాయకే నాయకత్వంలోని యునైటెడ్ నేషనల్ పార్టీ. బ్రిటిషోడు నమ్మి గద్దె అప్పజెప్పిన పెద్దమనుషుల పార్టీ. మితవాదులంటే వాళ్లే.

ఆ ప్రభుత్వంతో తమిళ కాంగ్రెస్ అంటకాగుడు నచ్చక ఎస్.జె.వి. చెల్వనాయకం బయటికొచ్చి 1949లో సమాఖ్య పార్టీ పెట్టిండు. ఆయన అడిగింది ఏంది? వేరే దేశం కాదు. ఒకే దేశంలో సమాఖ్య పాలన, తన భాషకు గౌరవం. అంతే.

1956 ఎన్నికలొచ్చినయి. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే 'గెలిస్తే 24 గంటల్లో సింహళం ఒక్కటే అధికార భాష' అని ఊరూరా చెప్పిండు. అప్పటిదాకా రెండు భాషలకూ సమాన హోదా అన్న యూఎన్‌పీ, ఓట్లు పోతయని భయపడి, ఎన్నికల ముందు కెలనియ సభలో తానూ 'సింహళమొక్కటే' అన్నది. వేలంపాట మొదలైంది. పాడేటోళ్లు ఇద్దరూ నడుమ పార్టీలోళ్లే. పెట్టిన సొమ్ము మాత్రం తమిళుడి భాష.

బండారనాయకే గెలిచిండు. 1956 జూన్‌లో చట్టం చేసిండు. చెల్వనాయకం మనుషులు పార్లమెంటు దగ్గర గాల్ ఫేస్ మైదానంలో సత్యాగ్రహానికి కూర్చుంటే మూకలు మీదపడి కొట్టినయి. తమిళ ఉద్యోగి సింహళం నేర్చుకుంటేనే కొలువులో ముందుకు పోయే కాలం వచ్చింది. పుట్టిన ఊళ్లో, తన జనానికి, తన భాషలో పనిచేసే హక్కు పోయింది. దీని బాధ ఏందో మన ఉద్యోగ సోదరులకు విడమరిచి చెప్పే పనిలేదు.

ఒకసారి చించిన్రు, రెండోసారి చించిన్రు

అప్పటికి కూడా దారి మూసుకుపోలేదు. 1957 జులై 26న బండారనాయకే, చెల్వనాయకం ఒప్పందం చేసుకున్నరు. ప్రాంతీయ మండళ్లు పెడ్తరు. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో పాలన తమిళంలో నడుస్తది. బదులుగా సమాఖ్య పార్టీ సత్యాగ్రహం ఆపుతది. ఇద్దరు నాయకులు కూర్చుని మాట్లాడుకుని కాగితం మీద పెట్టిన మాట. ఆ కాగితం బతికుంటే ఆ తర్వాత పోయిన ప్రాణాల్లో ఎన్ని మిగిలేవో!

బతకనియ్యలేదు. ఎవరు? మొదలు అడ్డం పడ్డది యూఎన్‌పీ నాయకుడు జె.ఆర్. జయవర్ధనే. ఒప్పందానికి వ్యతిరేకంగా 1957 అక్టోబర్‌లో కొలంబో నుంచి కాండీకి పాదయాత్ర కట్టిండు. తర్వాత 1958 ఏప్రిల్ 9న బౌద్ధ భిక్షువులు ప్రధాని ఇంటి ముందు బైఠాయించిన్రు. ప్రధాని వణికిండు. ఒప్పందం రద్దయినట్టు రాతపూర్వకంగా ఇచ్చిండు. నెల తిరగంగనే, 1958 మేలో, తమిళుల మీద ఊచకోత మొదలైంది.

1956 పెద్దమనుషుల ఒప్పందం గతి చూసిన ఈ గడ్డ మీద, రాసుకున్న మాట చిత్తుకాగితమైతే ఏమైతదో ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు.

బండారనాయకేకు మాత్రం ఏం మిగిలింది? 1959 సెప్టెంబర్‌లో ఒక బౌద్ధ భిక్షువు ఆయన ఇంట్లోనే ఆయన మీద కాల్పులు జరిపిండు. మరునాడు చనిపోయిండు. కుట్రకు నాయకత్వం వహించింది ఆయన గెలుపు కోసం పనిచేసిన భిక్షువుల పెద్దే. హత్యకు సొంత లాభాల కారణాలు కూడా ఉన్నయి గానీ, తాను ఎక్కించుకున్న గుర్రమే తనను తన్నిందన్నది దాచితే దాగేది కాదు.

1965లో మళ్లీ అదే నాటకం, పాత్రలు మారినయి. ఈసారి యూఎన్‌పీ ప్రధాని డడ్లీ సేనానాయకే చెల్వనాయకంతో ఒప్పందం చేసుకున్నడు. ఈసారి అడ్డం పడ్డది బండారనాయకే పార్టీ. జిల్లా మండళ్ల బిల్లు 1968లో అటకెక్కింది. గద్దె మీద ఉన్నోడు రాస్తడు, గద్దె దిగినోడు చించుతడు. రేపు తాను గద్దె ఎక్కితే మళ్లీ రాస్తడు. ఈ ఆటలో ఒక్క పులి లేదు, ఒక్క బాంబు లేదు. అంతా పార్లమెంటు పార్టీలే!

వామపక్షాల సంగతి ఇంకా విచిత్రం. రెండు భాషలుంటే దేశం ఒకటిగ ఉంటది, ఒకటే భాష అంటే దేశం రెండయితది అని భాషా బిల్లు రోజుల్లో హెచ్చరించిన మహా మేధావి కాల్విన్ ఆర్. డిసిల్వా. 1972లో సింహళానికి అధికార హోదా, బౌద్ధానికి అగ్రస్థానం కట్టబెట్టిన కొత్త రాజ్యాంగం వచ్చింది. దాన్ని తయారుచేయించిన రాజ్యాంగ వ్యవహారాల మంత్రి ఎవరో తెలుసా? అదే కాల్విన్ ఆర్. డిసిల్వా! జోస్యం చెప్పినాయనే ఆ జోస్యాన్ని నిజం చేసే పనిలో కూర్చున్నడు.

చెల్వనాయకం ఆ రాజ్యాంగాన్ని నిరసిస్తూ తన పార్లమెంటు సీటుకు రాజీనామా చేసి, 'నా జనం ఒప్పుకుంటరో లేదో తేల్చుకుందాం, ఉప ఎన్నిక పెట్టండి' అన్నడు. రెండేండ్లకు పైగా పెట్టలేదు. 1975 ఫిబ్రవరిలో పెట్టిన్రు, ఆయన భారీ మెజారిటీతో గెలిచిండు. గెలిచి ఏం లాభం? ముసలాయన ఓటుతో అడిగితే వినిపించలేదు. ఆయన పక్కన నిలబడ్డ పిల్లలు అది చూస్తున్నరు. 1971 నుంచి విశ్వవిద్యాలయ సీట్లలో 'ప్రామాణీకరణ' పేరుతో తమిళ విద్యార్థికి ఎక్కువ మార్కుల గీత గీసిన్రు. ఆ పిల్లల్లో ఒకడు, వేలుపిళ్లై ప్రభాకరన్, 1975 జులైలో జాఫ్నా మేయర్‌ను కాల్చి చంపిండు. చచ్చింది ఒక తమిళుడు. దీన్ని గుర్తుపెట్టుకోండి.

దక్షిణాదిన కూడా అదే కథ

రెండో కొస సంగతి చూద్దాం. సింహళ యువకుల పార్టీ జనతా విముక్తి పెరమున, అంటే జేవీపీ. వాళ్లెవరు? పల్లెల్లో పుట్టి, సింహళంలోనే చదువుకుని, డిగ్రీలు చేతబట్టుకుని, ఉద్యోగం దొరక్క తిరిగిన పిల్లలు. 'మీ భాషకు పట్టం కట్టినం' అని వాళ్లను ఊరించిన్రు. భాష గద్దెనెక్కింది గానీ పిల్లల కడుపు నిండలేదు. కొలంబోలో ఇంగ్లిష్ వచ్చినోడి పెత్తనం అట్లనే ఉండె. 1971 ఏప్రిల్‌లో వాళ్లు తుపాకులు పట్టిన్రు. ప్రభుత్వం అణచివేసింది. వేలాది మంది పిల్లలు చచ్చిన్రు.

జాఫ్నా తమిళ పిల్లగాడికి భాష మీద చెప్పింది అబద్ధం, మాతర సింహళ పిల్లగాడికి కొలువు మీద చెప్పింది అబద్ధం. రెండు అబద్ధాలూ చెప్పింది ఒకే కొలంబో. రెండు కొసలూ ఒకే చేతి పంటలు!

1983: ఒకే వాన, రెండు మొలకలు

1977లో తమిళ ఐక్య విమోచన కూటమి ఎన్నికల్లో 18 సీట్లు గెలిచింది. దాని నాయకుడు అమృతలింగం ప్రతిపక్ష నాయకుడైండు. అడిగింది ప్రత్యేక దేశమైనా అడిగిన చోటు పార్లమెంటు. ఇటు జేవీపీ నాయకుడు రోహన విజేవీర కూడా తుపాకీ దించి 1982 అధ్యక్ష ఎన్నికల్లో నిలబడ్డడు. 4 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకుని మూడోస్థానంలో నిలిచిండు. అంటే ఏంది? రెండు కొసలూ ఓటుపెట్టె దగ్గరికి నడిచొచ్చినయి.

గద్దె మీద ఎవరున్నరు? 1957లో పాదయాత్ర కట్టిన అదే జయవర్ధనే. 1977లో 168 సీట్లలో 140 గెలిచిండు. అంత బలమున్నోడు ఏం చేసిండు? 1979లో తీవ్రవాద నిరోధక చట్టం తాత్కాలికమని తెచ్చి 1982లో శాశ్వతం చేసిండు. 1981 జూన్ 1న జాఫ్నా గ్రంథాలయాన్ని పోలీసులు, వాళ్ల వెంట మూకలు తగలబెట్టినయి. 97 వేల పుస్తకాలు, తాళపత్రాలు బూడిద. 1982 డిసెంబర్‌లో ఎన్నికలు పెట్టకుండనే, రెఫరెండం పేరుతో పార్లమెంటు ఆయుష్షు ఆరేండ్లు పొడిగించుకున్నడు.

1983 జులై 23న పులులు జాఫ్నాలో మాటేసి 13 మంది సైనికులను చంపిన్రు. మరునాటి నుంచి కొలంబోలో తమిళుల ఇండ్లు, దుకాణాలు తగలబడినయి. వెలికడ జైల్లో 53 మంది తమిళ ఖైదీలను కొట్టి చంపిన్రు. ఆ తర్వాత రెండు వారాల్లో జయవర్ధనే ప్రభుత్వం రెండు పనులు చేసింది. ఒకటి, వేర్పాటును కోరబోమని ప్రమాణం చేస్తేనే పార్లమెంటులో కూర్చోవాలని ఆరో సవరణ తెచ్చింది. ప్రమాణం చెయ్యని తమిళ సభ్యుల సీట్లు పోయినయి. రెండు, అల్లర్ల నేరాన్ని వామపక్షాల నెత్తిన రుద్ది జేవీపీని నిషేధించింది. తన పార్టీ మనుషుల పేర్లు వినిపిస్తుంటే, నింద ఎదుటోళ్ల మీద వేసింది!

చూడండి, ఎంత ముచ్చటైన పనో! ఒకే పక్షంలో ఉత్తరాది తమిళుడికి పార్లమెంటు తలుపు మూసిన్రు, దక్షిణాది సింహళ పిల్లగాడికి ఎన్నికల తలుపు మూసిన్రు. ఓటు దగ్గరికి వచ్చిన ఇద్దరినీ అడవికి తరిమిన్రు. నాలుగేండ్లు తిరిగేసరికి రెండువైపులా నెత్తురు పారింది. అప్పుడు కొలంబో క్లబ్బుల్లో కూర్చున్న పెద్దమనుషులు నిట్టూర్చిన్రు: 'అతివాదులు రెండువైపులా ఉన్నరు!'

మరి తుపాకీ పుణ్యాత్మురాలా?

ఇక్కడ ఆపితే మన వ్యాసం కూడా సగం నిజమే అయితది. 'విత్తింది వాళ్లు, కాబట్టి మొలకెత్తినోడికి పాపం లేదు' అనుకునే మిత్రులున్నరు. పులి బొమ్మ చూసి ఒళ్లు పులకరించే తమ్ముళ్లున్నరు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ పేర్లు చదవండి.

1986లో పులులు తోటి ఉద్యమ సంస్థ టెలో మీద పడి దాని నాయకుడు శ్రీ సబారత్నంతో పాటు ఎందరో కార్యకర్తలను చంపిన్రు. 1989 జులై 13న కొలంబోలో అమృతలింగాన్ని, మరో నాయకుడు యోగేశ్వరన్‌ను చంపిన్రు. 1989 సెప్టెంబర్ 21న జాఫ్నాలో డాక్టర్ రజని తిరణగమ సైకిల్ మీద ఇంటికి పోతుంటే కాల్చేసిన్రు. ఆమె మెడికల్ కాలేజీ అధ్యాపకురాలు. సైన్యం చేసిన అత్యాచారాలనూ రాసింది, పులులు చేసినవీ రాసింది. ఆ హత్యకు వేళ్లన్నీ పులులవైపే చూపించినయి. 1990 అక్టోబర్‌లో ఉత్తరాది ముస్లింలను, తమిళమే మాట్లాడే ముస్లింలను, 70 వేల మందికి పైగా ఊళ్లు ఖాళీ చేయించిన్రు. జాఫ్నాలో వాళ్లకు ఇచ్చిన గడువు రెండు గంటలు. 1999 జులై 29న అధికార వికేంద్రీకరణ ప్రతిపాదనలకు రాత సాయం చేసిన న్యాయకోవిదుడు నీలన్ తిరుచెల్వంను ఆత్మాహుతి బాంబుతో చంపిన్రు.

అందరూ ఎవరు? తమిళం మాట్లాడేటోళ్లే. శత్రువు కంటే ముందు సొంతింటి మనుషులను తిన్నది ఆ తుపాకీ.

జేవీపీ తక్కువ తిన్నదా? 1987 భారత్-లంక ఒప్పందాన్ని, అంటే తమిళులకు ప్రావిన్సు మండళ్లు ఇచ్చే ఏర్పాటును, సమర్థించిన సింహళ వామపక్ష కార్యకర్తలను ఏరి ఏరి చంపిన్రు. 1988 ఫిబ్రవరిలో జనం గుండెల్లో ఉన్న సినిమా నటుడు, నాయకుడు విజయ కుమారతుంగ ఇంటి ముందే కూలిపోయిండు. హర్తాళ్ అంటే దుకాణం తెరిచినోడికి చావే. దానికి బదులుగా ప్రభుత్వ రహస్య ముఠాలు పల్లెల్లో పడి పిల్లలను ఎత్తుకుపోయినయి. వాగుల్లో శవాలు, రోడ్డు పక్కన కాలే టైర్లు. 1989 నవంబర్‌లో విజేవీరను పట్టుకుని చంపిన్రు. ఆ రెండుమూడేండ్లలో పోయిన సింహళ పల్లె పిల్లలు పదుల వేలల్లో ఉంటరు.

తుపాకీ పట్టినోడికి ఎదురుగ ఉన్న తుపాకీ కంటే, నడుమ నిలబడి రెండు మాటలు కలిపేటోడే పెద్ద శత్రువు. ఎందుకంటే ఆ మాట కలిస్తే తుపాకీకి పనిలేదు. అందుకే నడుమోళ్లు అంటే ఒకే తీరు మనుషులు కాదు. నడుమ నిలబడ్డోళ్లు వేరు, నడుమ కూర్చున్నోళ్లు వేరు. రజని, నీలన్, విజయ నడుమ నిలబడ్డరు, ప్రాణం పెట్టిన్రు. ఒప్పందాలు చించినోళ్లు నడుమ కూర్చున్నరు, కుర్చీ కింద భూకంపం తయారుచేసిన్రు.

పులులు గెలిపించిన రాజు

రెండు కొసలు ఒకదానికొకటి ఎట్ల అన్నం పెడ్తయో చూడాలంటే 2005 నవంబర్ అధ్యక్ష ఎన్నిక చాలు. ఒకవైపు 2002లో పులులతో కాల్పుల విరమణ చేసుకున్న రణిల్ విక్రమసింఘే. ఇంకోవైపు జేవీపీ, భిక్షువుల పార్టీ అండతో మహింద రాజపక్స. తమిళులు ఓటేస్తే ఎవరికి వేసేటోళ్లో అందరికీ తెలుసు. పులులు ఓటు వెయ్యొద్దన్నరు. జాఫ్నా జిల్లాలో 7 లక్షల ఓటర్లుంటే 9 వేల మంది కూడా వెయ్యలేదు. రాజపక్సకు 50.29 శాతం వచ్చింది. తేడా 1 లక్షా 80 వేల పైచిలుకు ఓట్లు. అంటే సింహళ కొస ప్రచారం చేసింది, తమిళ కొస ఓటుపెట్టెకు తాళం వేసింది. ఇద్దరూ కలిసి ఒకే మనిషిని గద్దె ఎక్కించిన్రు!

ఆ మనిషే 2009 మేలో పులులను తుడిచిపెట్టిండు. ముల్లైతీవు తీరంలో చిన్న ఇసుక పట్టీ మీద లక్షల మంది జనాన్ని కుక్కి, 'కాల్పుల్లేని ప్రాంతం' అని ప్రకటించిన చోటే సైన్యం గుండ్లు కురిపించింది. పారిపోయే తమ జనాన్నే పులులు కాల్చిన్రు, అడ్డుగోడగా నిలబెట్టిన్రు. 40 వేల మంది దాకా పౌరులు చచ్చి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి వేసిన నిపుణుల బృందం 2011లో చెప్పింది. రెండు పక్షాల నేరాలనూ అది రాసింది.

రాసింది గానీ రెండూ ఒకే బరువని కాదు. ఇది కూడా అర్థం చేసుకోవాలె. పులుల చేతిలో తుపాకీ ఉండె. రాజ్యం చేతిలో తుపాకీ, విమానం, కోర్టు, చట్టం, పన్నుల సొమ్ము అన్నీ ఉండె. ఎక్కువ బలమున్నోడి తప్పుకు బరువు ఎక్కువ. 'ఇద్దరూ ఇద్దరే' అని త్రాసు సమానంగ పట్టినోడు న్యాయం చెప్పినట్టు కాదు, బలమున్నోడి పక్క తేల్చినట్టు.

ఒక కొస పోతే దేశం బాగుపడ్డదా?

'అతివాదం పోయింది కదా, ఇక శాంతి' అన్నరు. మరి ఏమైంది? ఒక కొస తెగింది, రెండోది రాజ్యమైంది. తినడానికి కొత్త శత్రువు కావాలె. 2012లో బోదు బల సేన పుట్టింది. 2014లో అళుత్‌గమలో, 2018లో దిగనలో ముస్లింల ఇండ్లు, దుకాణాలు కాలినయి. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ నాడు ముస్లిం తీవ్రవాద ముఠా ఒకటి చర్చిల్లో, హోటళ్లలో బాంబులు పేల్చి 260 మందికి పైగా చంపింది. ఆ భయం మీదనే ఆ నవంబర్‌లో గోటబయ రాజపక్స అధ్యక్షుడైండు. మళ్లీ అదే లెక్క: ఒక కొస బాంబు వేస్తది, ఇంకో కొస ఓట్లు ఏరుకుంటది.

ఆ ఓట్లతో ఏం చేసిండు? పన్నులు తగ్గించి ఖజానా ఊడ్చిండు. 2021లో రాత్రికి రాత్రి రసాయన ఎరువులు బంద్ అన్నడు, వరి రైతు, తేయాకు రైతు మునిగిన్రు. 2022లో దేశం విదేశీ అప్పు కట్టలేనని చేతులెత్తేసింది. పెట్రోలు లేదు, గ్యాస్ లేదు, మందుల్లేవు. మైళ్ల కొద్దీ లైన్లు. ఆ లైన్లలో నిలబడ్డది సింహళుడు, తమిళుడు, ముస్లిం అందరూ. 'నీ భాషను కాపాడుత, నీ మతాన్ని కాపాడుత' అన్నోడు సిలిండర్ తెచ్చియ్యలేదు. 2022 జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోయిన్రు, గోటబయ దేశం విడిచి పారిపోయిండు.

చివరి ముచ్చట అన్నింటికంటే పెద్దది. 1994లో జేవీపీ మళ్లీ ఎన్నికల్లోకి వచ్చింది. తమిళుల హక్కుల విషయంలో అది చాన్నాళ్లు మొండిగనే ఉండె. ఉత్తర, తూర్పు ప్రావిన్సుల కలయికను కోర్టుకు పోయి 2006లో కొట్టేయించింది అదే పార్టీ. కానీ తుపాకీ మళ్లీ పట్టలేదు. ముప్పై ఏండ్లు ఓటు అడిగింది. 2024 సెప్టెంబర్‌లో దాని నాయకుడు అనుర కుమార దిసనాయకే అధ్యక్షుడైండు. నవంబర్‌లో ఆయన కూటమి 225 సీట్లలో 159 గెలిచింది. జాఫ్నా జిల్లాలో కూడా మొదటి స్థానం దానిదే! ఒకనాడు కాల్చి చంపదగ్గ అతివాదులన్న పార్టీకి, తలుపు తెరిచి పెడ్తే, జనం చేతుల మీదుగ గద్దె దక్కింది. మరి 1983లో ఆ తలుపు మూసినోళ్లు ఎన్ని వేల ప్రాణాలకు జవాబు చెప్పాలె?

గెలిచినంత మాత్రాన పరీక్ష అయిపోలేదు. 2013లో ఎన్నికైన ఉత్తర ప్రావిన్సు మండలి గడువు 2018లో ముగిస్తే, మళ్లీ ఎన్నిక పెట్టకుండ ఏండ్లకేండ్లు నెట్టుకొచ్చిన్రు. 1957 కాగితంలోని మాట ఇంకా బాకీ ఉన్నది. ఆ బాకీ తీర్చకుండ ఎవరు గద్దె మీద కూర్చున్నా, వాళ్లు కూడా నడుమ కూర్చున్నోళ్లే అయితరు.

అడగాల్సిన ప్రశ్న

కాబట్టి రెండు కొసలూ దేశాన్ని ముంచుతయా? ముంచుతయి. లంక మునిగింది, అందులో సందేహం లేదు. కానీ కొసలు ఆకాశం నుంచి ఊడిపడవు. మాట ఇచ్చి తప్పినోడి పెరట్లో మొలుస్తయి.

విద్యార్థి మిత్రులారా! తుపాకీ ముచ్చట చెప్పేటోడు మీ దగ్గరికొస్తే అమృతలింగం పేరు, రజని పేరు చెప్పండి. మొదటి తూటా ఎవరి ఇంట్లో దిగిందో అడగండి. వేలమంది బయటికొచ్చి అడిగే గొంతుకు ఉన్న బలం, చీకట్లో పేలే పిస్తోలుకు లేదు. పిస్తోలు పేలిన రోజే మీ న్యాయమైన మాట మీద 'అతివాదం' అన్న ముద్ర వెయ్యడానికి ఎదుటోడికి సిరా దొరుకుతది.

ఉద్యోగ సోదరులారా! ఒప్పందం జరిగిన రోజు పూలదండలు వేసి ఇంటికి పోకండి. సంతకం ఎండక ముందే దాన్ని చట్టం చేయించండి. తేదీ పెట్టించండి, అమలు లెక్క నెలనెలా అడగండి. రాసినోడు గద్దె దిగితే, చించడానికి వచ్చేటోడి చెయ్యి పట్టుకోండి. బండారనాయకే ఇంటి ముందు భిక్షువులు బైఠాయించిన రోజున, ఒప్పందం నిలబెట్టమని అడిగే సింహళ ఉద్యోగులు, విద్యార్థులు పది వేల మంది ఎదురుగ కూర్చుని ఉంటే, ఆ ప్రధాని ఆ కాగితం మీద ఆ అక్షరాలు రాసేటోడా?

ఇక మన టీవీ పెద్దమనిషి సంగతి. మళ్లీ వస్తడు. 'రెండువైపులా అతివాదులున్నరు' అని మళ్లీ అంటడు. కోపం తెచ్చుకోకండి, గొంతు పెంచకండి. ఒక్క ప్రశ్న అడగండి.

'సారూ, మీరు చెప్పింది బాగనే ఉన్నది. ఇద్దరి చేతుల్లో తుపాకులు మాకూ కనిపిస్తున్నయి. అంతకంటే ముందు ఒక కాగితం ఉండె గదా! అది చించిన చేతులు ఎవరివి?'